బుద్రన్న జీపు ఇంజను

దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఆదివారం చర్చికి వెళ్తాను, ప్రార్థన చేసుకుంటాను, అది వేరే సంగతి. ఫలానా మలుపులో బండి దానంతటదే ఆగిపోయిందని ఎవరైనా చెబితే, ముందు డీజిల్ ఫిల్టర్ విప్పి చూడమంటాను. ముప్పై ఏళ్లుగా డీజిల్ ఇంజన్లు విప్పి బిగిస్తున్నవాడిని. ప్రతి శబ్దానికీ ఒక కారణం ఉంటుంది. వెతికితే దొరుకుతుంది.

ఒక్కదానికి మాత్రం దొరకలేదు. అది చెప్పాలంటే ముందు నేను చేసిన పాపం చెప్పాలి.

తొంభైల మొదట్లో ఎస్.కోట నుంచి అరకు వచ్చి షెడ్డు పెట్టాను. ఆ స్థలం సత్తిబాబు గారిది. ఆయన కింద మైదానం నుంచి వచ్చిన వ్యాపారి. అల్లం, పిప్పళ్లు, కాఫీ కొనేవాడు. సంతలకు జనాన్ని తోలే జీపులు కూడా ఉండేవి. వాటి రిపేర్లన్నీ నావే.

ఆ జీపుల్లో ఒకదానికి డ్రైవరు బుద్రన్న. డుంబ్రిగుడ పైన ఒక కొండ ఊరివాడు. పొట్టి మనిషి, సీటు మీద గోనె మడత వేసుకుంటే గానీ రోడ్డు కనపడేది కాదు. బండిని మాత్రం కన్నబిడ్డలా చూసుకునేవాడు. మందు తాగడు. వాళ్ల ఊరంతా జీలుగు కల్లు తాగుతున్నా తను పక్కన కూచుని కబుర్లు చెప్పేవాడు తప్ప ముట్టేవాడు కాదు.

ఒక సంత ముందురోజు జీపు నా దగ్గరికి తెచ్చాడు. బ్రేకు పెడలు నేలకి ఆనుతోంది. విప్పి చూస్తే లోపల రబ్బర్లు చిరిగి ఆయిలంతా కారిపోతోంది. సామాను విశాఖ నుంచి రావాలి.

"ఇది తియ్యకు బుద్రన్నా, కొండ దిగలేవు" అన్నాను.

"సత్తిబాబు గారికి సెప్పినాను మేస్త్రీ. రేపు సంత, ఒక్క ట్రిప్పు తిప్పెయ్, తరవాత సూద్దాం అంటన్నాడు. నాను తియ్యకపోతే ఇంకొకడికిచ్చి పంపుతాడంట. ఆడికి ఈ దారి తెలీదు కదా."

ఆయిలు పోసి, బ్రేకు పైపుల్లో గాలి తీసి, ఉన్నంతలో బిగించి ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది.

మర్నాడు పొద్దున్న కొండ మీది ఊళ్ల నుంచి జనాన్ని ఎక్కించుకుని దిగుతుంటే బ్రేకు పోయింది. ఎడం పక్క లోయ, కుడి పక్క రాతి గోడ. "బేకు లేదు, గట్టిగా పట్టుకోండి" అని అరిచి, స్టీరింగు కుడికి కోసి, తను కూర్చున్న వైపునే రాతికి కొట్టాడు. జనం దెబ్బలతో బయటపడ్డారు. ఒక ముసలమ్మ చెయ్యి విరిగింది. బుద్రన్న స్టీరింగుకీ సీటుకీ మధ్య నలిగి అక్కడే పోయాడు.

ఆ సాయంత్రం సత్తిబాబు గారు షెడ్డుకొచ్చారు. కూర్చోలేదు. "ప్రకాశం, బ్రేకులు బాగున్నాయని నువ్వు రాసియ్యాలి. వాడు తాగి తోలాడు, అంతే" అన్నారు. నేను నోరు తెరవబోయాను. ఆయన షెడ్డు పైకప్పు కేసి, గోడల కేసి నెమ్మదిగా చూశారు. నాకు అర్థమైంది.

రాసిచ్చాను. సంతకం పెట్టాను. జీపు చూడ్డానికి వచ్చిన ఆఫీసరు దాన్ని ఫైల్లో పెట్టుకున్నాడు. జీపులో ఉన్నవాళ్ల మాట ఎవరూ రాసుకోలేదు. పదిహేను మందిని బతికించినవాడు కాగితం మీద తాగుబోతు అయిపోయాడు.

ఏడాది గడిచింది. సత్తిబాబు గారు విశాఖలో ఒక పాత పికప్ కొన్నారు. చిన్న బండి, బాడీ బాగుంది, ఇంజను మాత్రం పగిలిపోయింది. బుద్రన్న జీపు తుక్కయినా ఇంజనుకు దెబ్బ తగల్లేదు. నా షెడ్డులోనే టార్పాలిన్ కింద ఉంది. దాన్ని తీసి దీనికి ఎక్కించమన్నారు.

తొమ్మిది రోజుల పని. పికప్ ఛాసిస్ మీద ఇంజను కూర్చునే బ్రాకెట్లు కోసి కొత్తవి వెల్డింగ్ చేశాను. గేరుబాక్సు కలవకపోతే జీపుదే పెట్టాను. వెనక చక్రాలకు వెళ్లే షాఫ్టు కోయించి సైజు చేయించాను. ఫ్యాను రేడియేటర్‌కి తగులుతుంటే రేడియేటర్‌ని రెండంగుళాలు ముందుకు జరిపాను. ఆ ఫ్యాను జీపుదే, ఆరు ఇనప రెక్కలది. ఒక్కొక్క రెక్కనీ సుత్తితో తట్టి చూశాను. పగులుంటే శబ్దం బొంగురుగా వస్తుంది. అన్నీ ఖంగున మోగాయి. ఈ మాట గుర్తుంచుకోమని మనవి.

పని మధ్యలో ఒక మధ్యాహ్నం బుద్రన్న భార్య లచ్చిమి వచ్చింది. నెత్తి మీద పిప్పళ్ల బుట్ట. దించి నేల మీద పెట్టింది.

"ఇది ఆడి బండిదే కదా?"

అవునన్నాను.

"బేకులు బాగున్నాయని రాసింది నువ్వేనా మేస్త్రీ?"

నేను తల వంచుకుని బోల్టు బిగిస్తూ ఉండిపోయాను. అప్పటికే బిగిసిన బోల్టు అది. ఆమె దగ్గరికొచ్చి, జ్వరం చూసినట్టు అరచెయ్యి ఇంజను మీద ఆనించింది. వాళ్ల భాషలో రెండు ముక్కలేవో అంది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. దాన్ని శాపమని నేను అనను. నాకు ఆ భాష రాదు.

ఇంజను ఒక్కసారి తాళం తిప్పగానే స్టార్ట్ అయింది. కొత్త డ్రైవరు అప్పన్న పది రోజులు తిప్పాడు. బ్రహ్మాండంగా ఉందన్నాడు. పదకొండో రోజు సత్తిబాబు గారు మొదటిసారి ఆ బండెక్కారు.

ఆ పాత డీజిల్ ఇంజన్లు తాళం తిప్పితే ఆగవు. స్టాప్ నాబ్ లాగాలి, అప్పుడు డీజిల్ ఆగి ఇంజను చస్తుంది. ఆ రోజు సంతలో బండి నిలిపి అప్పన్న నాబ్ లాగాడు. ఆగలేదు. పైగా రేసెత్తుకుంది. నల్లటి పొగ, చెవులు పగిలే మోత. అప్పన్న తెలివైనవాడు. టాప్ గేరులో వేసి, బ్రేకు తొక్కి, క్లచ్ వదిలేసి చంపాడు. సత్తిబాబు గారు దిగేసరికి చొక్కా చెమటతో తడిసిపోయింది.

ఇలా జరగడం వింతేం కాదు. ఆయిలు ఎక్కువై గాలి గొట్టంలోకి పోతే ఇంజను దాన్నే తాగి పరిగెడుతుంది. డీజిల్ పంపు ఇరుక్కున్నా అంతే. రెండూ విప్పి శుభ్రం చేశాను. నేనే అనంతగిరి దాకా రెండుసార్లు తోలి వచ్చాను. ఇబ్బంది లేదు.

వారం తర్వాత బజారులో అప్పన్న బీడీలకని దిగాడు. ఇంజను ఆపి ఉంది, తాళం అతని జేబులో ఉంది. లోపల సత్తిబాబు గారొక్కరే. బండి దానంతటదే స్టార్టయి, గేరులో ఉండటంతో ముందుకు దూకి గోడకు గుద్దుకుంది. ఆయన నుదురు చిట్లింది.

అప్పన్న తాళం నా చేతిలో పెట్టి పని మానేశాడు. "నాతో బాగానే ఉంటాది మేస్త్రీ. ఆయన్ని సూత్తే పళ్లు కొరుకుతాది" అన్నాడు.

నేను నవ్వాను. వైరింగు షార్టయి ఉంటుందని స్టార్టరు వైర్లన్నీ మార్చాను. కానీ నిజం చెప్పాలి. ఆ రోజు నుంచి షెడ్డులో ఆ బండికి వీపు పెట్టి పని చెయ్యలేకపోయాను.

పంపును విశాఖ పంపి చెక్ చేయించాలనుకున్నాను. అందుకని ఆ ఉదయం బ్యాటరీ వైరు తీసి పక్కన పడేశాను. డీజిల్ పైపు ఊడదీసి మూతికి గుడ్డ కుక్కి కట్టాను. ఫిల్టరు విప్పి ఖాళీ చేశాను. పది గంటలవుతుంది. వాన వెలిసి ఎండ కాస్తోంది. సత్తిబాబు గారు నుదుటి మీద ప్లాస్టరుతో వచ్చారు.

"ఇంకా ఎన్నాళ్లు?"

"పంపు చూపించాలి సార్."

ఆయన తెరిచి ఉన్న బానెట్ మీదకి వంగి లోపలికి చూశారు. "చచ్చి కూడా నన్ను తినేస్తన్నాడు తాగుబోతు నాకొడుకు" అన్నారు.

ఇంజను స్టార్టయింది.

ఉన్నదున్నట్టే చెబుతున్నాను. బ్యాటరీ లేదు, డీజిల్ లేదు. ఒక్క క్షణంలో మోత పైకెక్కిపోయింది. షెడ్డు రేకులు అదిరాయి. నాకు తెలిసిన మార్గం ఇంకొకటే, గాలి ఆపడం. గాలి లేకపోతే ఏ ఇంజనూ మూడు నాలుగు సెకన్లకు మించి బతకదు. నీళ్ల తొట్టిలో నానుతున్న గోనె తీసి గాలి గొట్టం మూతికి కుక్కి రెండు చేతులతో అదిమాను. గోనె గొట్టంలోకి పోయి బిగుసుకుంది. ఇంజను ఆగలేదు.

"సార్, వెనక్కి రండి!" అని అరిచాను. ఆయన కదల్లేదు. ఎవరో చెవిలో మాట్లాడుతుంటే వింటున్నవాడిలా తల కాస్త పక్కకు పెట్టి నిలబడిపోయారు. పెదాలు కదిలాయి. "తాగలేదు" అన్నట్టనిపించింది నాకు. ఆ మోతలో వినపడిందని ఒట్టు పెట్టలేను.

ఫ్యాను రెక్క ఒకటి విరిగి ఎగిరింది. ఆయన నోటికి అడ్డంగా తగిలింది. ఆ వెంటనే రెండోది. అది నా కుడిచేతి మీదుగా పోయింది. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు పోయాయి. ఇంజను చప్పున ఆగిపోయింది. రేకుల మీంచి వాన నీరు బొట్లు బొట్లుగా పడటం వినిపించింది.

ఇద్దర్నీ ఒకే జీపులో విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఆయన బతికారు. దవడ, నాలుక కుట్టారు గానీ ఆ తర్వాత ఆయన మాట ఇంట్లోవాళ్లకి కూడా అర్థమయ్యేది కాదు. అబద్ధం చెప్పిన నోరు, సంతకం పెట్టిన వేళ్లు అని అరకులో జనం చెప్పుకున్నారు. నేను ఆ లెక్క వెయ్యను. కానీ ఆసుపత్రి మంచం మీద నాకు కోపం రాలేదు. కోపం తెచ్చుకుందామని చూసినా రాలేదు.

చేతికి కట్టు ఉండగానే లచ్చిమి ఇంటికి వెళ్లాను. ఆమె రాగులు చెరుగుతోంది. అంతా చెప్పాను. బ్రేకులు పోయాయని నాకు ముందే తెలుసని, అబద్ధం రాశానని చెప్పాను. చాట ఆగలేదు.

"నాకెందుకు సెప్తన్నావు? నాకు తెలీదా? సంతలో సెప్పు."

అదే వారం డుంబ్రిగుడ సంతలో, అల్లం బస్తాల పక్కన ఒక ట్రక్కు ఎక్కి నిలబడి చెప్పాను. అందరికీ వినపడేలా అరిచాను. "బుద్రన్న తాగలేదు. బ్రేకులు లేవు. నాకూ తెలుసు, సత్తిబాబు గారికీ తెలుసు. నేను రాసింది అబద్ధం." బేరాలు ఆగిపోయాయి. ఆ రోజు చెయ్యి విరిగిన ముసలమ్మ జనంలోంచి వచ్చింది. వంకరగా అతుక్కున్న చెయ్యి. నన్ను కాసేపు చూసి, నా ముందు నేల మీద ఉమ్మేసి, ఉప్పు కొనుక్కోడానికి వెళ్లిపోయింది.

ఎడం చేత్తో ఇంకో కాగితం రాసి ఆఫీసరుకి ఇచ్చాను. ఫైల్లో తాగాడన్న మాట కొట్టేశారు. సత్తిబాబు గారి మనుషులు షెడ్డు ఖాళీ చేయించారు. ఎస్.కోట వచ్చేశాను. మూడు వేళ్లు లేకుండా స్పానర్ పట్టడం నేర్చుకోడానికి రెండేళ్లు పట్టింది.

షెడ్డు ఖాళీ చేసే ముందు ఆ ఇంజనును నా ఎదుటే ఇంకో మెకానిక్ చేత విప్పించాను. డీజిల్ పైపుకు నేను కట్టిన గుడ్డ అలాగే ఉంది. బ్యాటరీ వైరు పడేసిన చోటే ఉంది. గోనె గాలి గొట్టంలో అలాగే బిగుసుకుని ఉంది. సొంత ఆయిలు తాగి తిరిగిందేమోనని ఆయిలు దింపి కొలిచాం. పోసినంతా ఉంది, చుక్క తగ్గలేదు. అంత వేగానికి కరిగిపోవాల్సిన బేరింగులు నున్నగా మెరుస్తున్నాయి. ఆ పికప్‌ను తర్వాత చింతూరు వైపు ఒకాయన కొని, ఫ్యాను మార్చి, అదే ఇంజనుతో ఏళ్ల తరబడి తోలాడు. ఇబ్బందేమైనా ఉందా అని అడిగితే, ఇంత నెమ్మదైన బండిని చూళ్లేదన్నాడు.

డీజిల్ లేకుండా, ఆయిలు తాగకుండా, గాలి పీల్చకుండా అది ఏం కాల్చుకుని తిరిగింది? విశాఖలో చదువుకున్న ఇంజనీర్లను అడిగాను. కంగారులో నీకు సరిగా గుర్తులేదన్నాడు ఒకాయన. కావచ్చు. నా లెక్కకు మాత్రం ఇప్పటికీ అందలేదు.

చాలా ఏళ్ల తర్వాత అరకు బస్టాండులో లచ్చిమి కనపడింది. జుట్టు నెరిసింది. పలకరిస్తే ఆగింది. ఎన్నాళ్లుగానో మనసులో ఉన్నది అడిగేశాను. "ఆ రోజు ఇంజను మీద చెయ్యి వేసి నువ్వేమన్నావమ్మా? ఏమైనా చేశావా?"

ఆమె నా చేతి కేసి చూసింది, తర్వాత నా ముఖం కేసి.

"నానేటి సేత్తాను మేస్త్రీ? నాకు బండి తోలడం రాదు కదా" అని, వచ్చిన బస్సు ఎక్కేసింది.