తొట్టెల నాడు కంటి పరీక్ష

రాసుకో. నేను మా యాసలోనే చెప్తాను, నువ్వు పుస్తకం తెలుగులోకి దించుకుంటే దించుకో. కానీ ఎవరి నోటి మాటలు వాళ్ళవే ఉండాలి, ముఖ్యంగా మా ఎల్లారెడ్డి వియ్యపురాలివి. వాటిని మారిస్తే ఆమె ఊరుకోదు.

మీ మేనత్తకు, అంటే నా బిడ్డకు, నెలలు నిండకముందే కవలలు పుట్టారు. ఇక్కడే, కామారెడ్డి దవాఖానలో. ఒక పిల్ల, ఒక పిల్లవాడు. పిల్లవాడైతే కోడిపిల్లంత ఉన్నాడు. వాణ్ణి అద్దాల పెట్టెలో పెట్టి చాలా రోజులు ఆక్సిజన్ ఇచ్చారు. పిల్ల కాస్త బొద్దుగా పుట్టింది. దానికీ ఆక్సిజన్ పెట్టారు కానీ తొందరగానే తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ, నెల తిరగకముందే కండ్ల డాక్టరుకు చూపించాలని చెప్పింది. ఆమె ఇద్దరికీ అనే చెప్పి ఉంటుంది. మా చెవులకు మాత్రం పెట్టెలో ఉన్నవాడికే అన్నట్టు పడింది. పాలు గుటగుటా తాగే పిల్లకు ఏం పరీక్ష?

రెండో కాన్పు కాబట్టి తల్లీపిల్లలను ఎల్లారెడ్డికి, అత్తగారింటికి తీసుకుపోయారు. అక్కడ పిల్లలను తొట్టెలలో వేసే పండుగ పెట్టుకున్నారు. సరిగ్గా కండ్ల డాక్టరు కామారెడ్డికి వచ్చే రోజే. దానికి మా వియ్యపురాలు ఒక ఉపాయం తీసింది. పిల్లవాడు దవాఖానకు పోతాడు, పిల్ల తొట్టెలలోకి పోతుంది. ఇద్దరిలో ఒకరినైనా వేస్తే పండుగ అయినట్టే కదా! నాకూ అది బాగానే ఉన్నట్టు అనిపించింది.

ఆ ముందు రోజు పొద్దున చాట ముందర వేసుకుని బీడీలు చుడుతుంటే నీ ఫోను వచ్చింది. నువ్వు హైదరాబాదులో పెద్ద చదువని చెప్పి ఎలుక పిల్లల కండ్లు చూస్తుంటావని మాకు తెలుసు. అందులో చదువేముందో తెలియదు. పిల్లల ముచ్చట చెప్పగానే నీ గొంతు మారిపోయింది.

"పిల్లను తీస్కపోతలేరా? ఎందుకవ్వా?"

"దానికేమైందే! మంచిగ బూరె లెక్కున్నది."

"కండ్ల లోపట ఏమైతుందో బూరె చెప్తదా?" అని కసిరావు. తర్వాత నెమ్మదిగా చెప్పావు. "ముందుగాల పుట్టినోళ్ళ కండ్లల్ల రక్తం నరాలు పూర్తిగ అల్లుకోవు. ఎలుక పిల్లలు పుట్టుడే గట్ల పుడతయి. మేము నల్ల ఎలుకల పిల్లలను, తెల్ల ఎలుకల పిల్లలను ఒకటే డబ్బల పెట్టి ఒకటే తీరు ఆక్సిజన్ ఇస్తమవ్వా. తెల్లయాటికి అంత కాదు. నల్లయాటికి కండ్లల్ల రక్తం నరాలు ఆగమాగం పెరుగుతయి. గాలి ఒక్కటే. పుట్టుకల ఫరక్."

"రంగుతోనా?" అన్నాను. మా పిల్ల చామనఛాయ, పిల్లవాడు తెలుపు.

"రంగే అని చెప్పలేం. రంగుతోని పాటు ఇంకేం వస్తదో, గదే ఎతుకుతున్నం. మన పిల్లలకు ఎలుకల లెక్కనే అయితదంటలేను. ఆక్సిజన్ తక్కువ పెట్టిండ్రని ధైర్యంగ ఉండొద్దంటున్న. ఒక కడుపుల పుట్టినా ఇద్దరు ఒక్కతీరుండరు."

ఇంక చాట ముందు కూర్చోబుద్ధి కాలేదు. ఆకు చేతిలో చిరిగిపోతోంది. లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. చివరికి ఆడవాళ్ళ ఫ్రీ టికెట్‌కు ఆధార్ కార్డు కొంగున కట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను. లింగంపేట దగ్గర బస్సు ఆగి కండక్టరు చాయ్ తాగడానికి దిగితే, కిటికీలోంచి తిట్టాను కూడా. "అవ్వా, జీరో టికెట్ మీద గింత తొందరనా?" అని నవ్వాడు.

అక్కడ వాకిట్లో అప్పటికే షామియానా వేశారు. మూలకు విందుకు తెచ్చిన యాట, మేకపోతు, కట్టేసి ఉంది. వియ్యపురాలు ఎదురొచ్చింది.

"మంచిగ వచ్చినవ్ వదినె. పొద్దుగాల నీ బిడ్డ పోరన్ని తీస్కొని పోతది, పగటియాళ్లకు మళ్ళొస్తది. మనం పిల్లను తొట్టెల ఏసేద్దాం."

"పిల్లను గూడ సూపియ్యాలె వదినె."

"ఎందుకు? దాని కండ్లు సూడు, గోళీలున్నట్టున్నయి. బాగున్నదాన్ని దవాఖానకు తీస్కపోతే మనమే దిష్టి పెట్టినట్టు గాదా? మా దిక్కు ఎవ్వలికి కండ్ల బీమారి లేదు. మా మామ ముసలితనంల గూడ సూదిల దారం ఎక్కిచ్చిండు. మీ దిక్కేమన్న ఉంటే చెప్పు."

నాకు మండింది. అయినా తమాయించుకుని నీ ఎలుకల సంగతి ఎత్తాను. ఎత్తకుండా ఉంటే బాగుండేది.

"నా మనుమరాలు నీకు ఎలుక లెక్క కనబడ్తుందా?" అని చుట్టాలందరికీ వినపడేటట్టు అంది. "ఇననీకి గూడ సిగ్గయితుంది!"

లోపలి నుంచి నా బిడ్డ వచ్చింది. పచ్చి బాలింత, చెవులకు గుడ్డ కట్టుకుని ఉంది. పిల్ల ఆమె భుజం మీద నిద్రపోతోంది.

"అత్తమ్మా, ఇద్దర్ని తీస్కపోత. తొట్టెల ఇంకో దినం ఏద్దాం."

"చుట్టాలకేం చెప్పాలె? యాటనేం చెయ్యాలె?"

"కోసి పెట్టుండ్రి. తొట్టెల పిల్లలకు గని యాటకు గాదు గదా."

ఎవరో కిసుక్కున నవ్వారు. వియ్యపురాలు నవ్వలేదు. కానీ తెల్లారేసరికి తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని అందరికన్నా ముందు ఆటోలో కూర్చుంది. నాతో మాత్రం కామారెడ్డి దాకా మాట్లాడలేదు.

దవాఖానలో పిల్లలిద్దరి కండ్లలో చుక్కలు వేసి కూర్చోబెట్టారు. కాసేపటికి మళ్ళీ వేశారు. నేను వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే వాచ్‌మన్ రెండుసార్లు అడిగాడు ఏం కావాలని. ముందు పిల్లవాణ్ణి చూశారు, నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. నుదుటికి లైటు కట్టుకున్న డాక్టరు వాడి రెప్పలను చిన్న క్లిప్పుతో తెరిచి పట్టాడు. వాడి ఏడుపు బయటికి వినపడింది. ఇప్పటికైతే పరవాలేదు, మళ్ళీ చూపించండి అన్నాడు. తర్వాత పిల్లను చూశాడు. చాలాసేపు చూశాడు. ఒక కన్ను చూసి, ఇంకోటి చూసి, మళ్ళీ మొదటిది చూశాడు.

"రెండు కండ్లలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరుగుతున్నాయి. ఆలస్యం చేస్తే కంటి లోపలి పొర ఊడి చూపు పోతుంది. ఇయ్యాలనే హైదరాబాద్ పోవాలె, లేజర్ పెట్టాలె."

వియ్యపురాలు ముందుకు దూసుకుపోయింది. "సారూ, పిల్లలు మారిండ్రు! డబ్బల ఉన్నది వాడు, ఇది గాదు. ఇగో, ఇది పిల్ల, సూడుండ్రి!" అని గుడ్డ విప్పబోయింది.

"తెలుసమ్మా," అన్నాడు ఆయన. "నేను చూసింది పిల్లనే."

విప్పబోయిన గుడ్డను ఆమె మళ్ళీ కప్పింది. హైదరాబాదు పోయే కారు కోసం నిలబడినప్పుడు, ముందు రోజు తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"ఎవలింటి నుంచి వచ్చింది వదినె ఈ బీమారి?"

నీకు ఫోను చేసి అదే అడిగాను. ఎలుకలనైతే ఒకే ఇంటి వాటిని తరతరాలు కలిపి పెంచుతారు కాబట్టి ఈ జాతికి ఇట్లా అని చెప్పగలుగుతారని, మనుషుల్లో ఈ ఇల్లు, ఆ ఇల్లు అని వేలు పెట్టి చూపలేమని చెప్పావు. ఆ మాటే ఆమెకు చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. పిల్లను ఇమ్మని చేతులు చాపింది. హైదరాబాదు దాకా ఎవరికీ ఇవ్వలేదు.

లేజర్ పెట్టారు. సమయానికి తెచ్చారన్నారు. కానీ చూపు ఎంత నిలుస్తుందో పెరిగే కొద్దీ చూడాలన్నారు. ఆ మాట పట్టుకుని నాకు ఒక్కచోట కాలు నిలవడం లేదు. మొన్న ఎల్లారెడ్డి నుంచి ఫోను.

"వదినె, పిల్ల ఫ్యాన్ దిక్కే సూస్తుంది! సూస్తుందా, లేకుంటే గాలి తాకి మొకం తిప్పుతుందా?"

"ఫ్యాన్ బందు చేసి సూడు."

స్విచ్ తీసిన చప్పుడు వినపడింది. రెక్కలు ఆగేదాకా ఫోను చెవికి అదిమి పట్టుకున్నాను.

"ఆగింది," అంది.

"ఏమైంది వదినె? చెప్పవేంది?"

"ఇంకా గట్లనే సూస్తుందే. పైకే సూస్తుంది."

"జర పక్కకు పండవెట్టి సూడు, మళ్ళ ఫ్యాన్ దిక్కు మొకం తిప్పితే సూసినట్టే," అన్నాను.