సిరిసిల్ల ఎర్రరొమ్ము పిచ్చుక

పొద్దున్నే కిటికీ జాలీ మీద పిచ్చుక గోళ్లు గీరిన చప్పుడు వినబడితే, జగిత్యాలలోని ఈ ఇంట్లో నా చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోతుంది. మగదా, ఆడదా, చెంప ఎంత తెలుపు అని కళ్లు వెతుకుతాయి. ఈ చూపు సుగుణ మేడం పెట్టిన భిక్ష. కోరుట్ల కాలేజీలో ఆమె జంతుశాస్త్రం లెక్చరర్, నేను ల్యాబ్ అటెండర్‌ని. మూడు ఊళ్లలో మూడు ఉపజాతుల పిచ్చుకలను కనిపెట్టినవాణ్ణి నేనేనని ఇప్పటికీ చెప్పుకుంటాను.

ఊరపిచ్చుక ఎక్కడైనా ఒకటే అనుకునేవాణ్ణి. "కాదు మల్లయ్యా, ప్రాంతం మారితే ఈకల రంగు గూడ జెర మారుతది. చెంప చూడు, వీపు చూడు, రాయి" అన్నారు మేడం. రాశాను. జగిత్యాలవి మామూలువి. కోరుట్ల రైసుమిల్లు దగ్గరవి బాగా తెలుపు. సిరిసిల్లలో మా చెల్లె లచ్చవ్వ ఇంటి ముందరివైతే రొమ్మంతా ఎరుపు! మేడం పుస్తకాలన్నీ తిరగేశారు, అలాంటిది ఎక్కడా లేదు. అయినా నా మాట నమ్మి, హైదరాబాదులోని పక్షిశాస్త్రం పెద్దలకు తన సంతకంతో ఉత్తరం రాశారు. "పంపేముందు నా కండ్లతోని ఒక్కసారి చూస్త. తప్పయితే ఇన్నేండ్ల నా పేరు పోతది" అన్నారు.

సిరిసిల్ల బస్సులో నాకు చెమటలు. చూసింది రెండు పిట్టలనైతే ఇరవై అని రాసి ఉన్నాను మరి. అదృష్టం, వాకిట్లో నిజంగానే ఎర్రవి ఉన్నాయి. మేడం కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. "ఏందిది మల్లయ్యా, నాకేం సమజైతలేదు."

అప్పుడు నేనే బేసిన్‌లో నీళ్లు పెట్టాను. పిచ్చుకలు దిగి రెక్కలు కొట్టుకున్నాయి. నీళ్లు ఎర్రబడ్డాయి, పిచ్చుకలు మామూలువయ్యాయి. పక్కన అద్దకం షెడ్డు. రంగుపొడి రాలిన మట్టిలో అవి పొర్లుతున్నాయి, అంతే.

మేడం ఉత్తరాన్ని అక్కడే చింపేశారు. తిట్టలేదు. "పిట్టను రాసినవా, పిట్ట మీది దుమ్మును రాసినవా?" అన్నారు.

మూడు కాదు, నేను కనిపెట్టింది ఒక్కటీ లేదు. కోరుట్ల పిచ్చుకల తెలుపు ఈకలదో, ఊకదుమ్ముదో ఈరోజుకీ తేల్చుకోలేదు. అడుగుదామంటే మేడం లేరు. అందుకే పిట్టగోడ మీద నీళ్లు పెట్టి, అవి తానం చేసేదాకా ఆగి రాస్తున్నాను.

మొన్న సిరిసిల్లలో ఈ కథే చెబుతుంటే లచ్చవ్వ వంటింట్లోంచి బయటికొచ్చింది.

"అబద్ధాలకు ఓ హద్దుండాలె అన్నా! బేసిన్ పెట్టింది నేను. పిట్టలు ఎండకు నోళ్లు తెరుస్తున్నయని పెట్టిన. మీరిద్దరు పుస్తకం ముందటేసుకొని కొట్లాడుకుంట కూసున్నరు."