నొప్పి మడికి తూము మూసే నత్త

ఉదయం ఐదున్నరకు కర్నూలులో కడప బస్సెక్కాను. కుడివైపు కిటికీ దొరికింది. వెళ్లదలచినవారు అదే పట్టుకోవాలి, పొద్దెక్కాక ఎండంతా ఎడమవైపే. ఒడిలో తగరపు డబ్బా, అందులో దూదిలో చుట్టిన సముద్రపు శంకునత్త గుల్ల. మా తాతగారి అద్దాల బీరువాలోది. మేడ పోయింది, బీరువా పోయింది, గుల్ల మిగిలింది.

మా తమ్ముని కూతురు హేమ ఆ నత్త విషం మీదే పరిశోధన చేసింది. పదకొండింటికి ఆమె ఆఖరి మౌఖిక పరీక్ష. "నత్తల చదువా, మన ఇంట్లో?" అని ఒకప్పుడు నేనే అన్నాను. అయినా, "పెదనాయనా, గుల్ల తీసుకొని నువ్వే రావల్ల" అని ఫోను చేసింది.

ఏడింటికి నంద్యాలలో బొరుగుల ఉగ్గాని, బజ్జి తిన్నాను. మైదుకూరు పసుపు రైతు ఓబులేసు పక్కన కూర్చున్నాడు.

"యాడికి పోతాండావు పెద్దాయనా?"

నత్తల చదువని చెప్పడానికి నామోషీ వేసింది. "పెళ్లిమాటలకు" అన్నాను.

"ఒక్కనివేనా? డబ్బా తోడుండాదిలే."

పదిన్నరకు కడప. విశ్వవిద్యాలయంలో పరీక్ష హాలు నిండింది. గుల్ల బల్లమీద పెట్టి హేమ మొదలుపెట్టింది. ఈ నత్త చేపలను విషంతో కుట్టి తింటుంది. విషంలోని కొన్ని పెప్టైడ్లు, అంటే చిన్న ప్రోటీను ముక్కలు, చేప కండరాల మీది గ్రాహకాలకు అతుక్కుంటాయి. నరం పంపిన కబురు అందక చేప కదలదు. ఇంకొకటి వెన్నులో నొప్పి నరం కొనన కాల్షియం వెళ్లే ద్వారాన్ని మూస్తుంది. కబురు పక్క నరానికి చేరదు. దాన్నే మందుగా వెన్నులోకి ఇస్తారు.

"మిగతా నరాలు ఆగిపోవా? మామూలు మాటల్లో చెప్పమ్మా" అన్నాడు పరీక్షకుడు. హేమ రెండుసార్లు మొదలుపెట్టి ఆగింది.

సభలోవారూ అడగవచ్చన్నారు. లేచాను. కె.సి. కాలువ మీద మా పొలాలకు నీళ్లొదిలే తూము తాళంచెవి ఒకప్పుడు మా ఇంట్లోనే ఉండేది. "తూము మూస్తే కింద మళ్లన్నీ ఎండుతాయి. నొప్పి మడి సరే, గుండె మడి సంగతేమి?"

హేమ ముఖం విప్పారింది. "మనది ఒకటే తూము పెదనాయనా. ఒంట్లో శానా ఉండాయి, ఒక్కోదానికి ఒక్కో మూతపలక. ఈ పలక గుండె తూముకు పట్టదు. మోతాదు మించితే మాత్రం తల తిరుగుతాది."

"నేనడిగిందీ అదే" అని పరీక్షకుడు నవ్వాడు. పన్నెండున్నరకు డాక్టరేటు ఖాయమన్నారు. గుల్ల హేమ దగ్గరే వదిలాను.

రెండున్నరకు తిరుగు బస్సు, మళ్లీ కుడివైపే. మైదుకూరులో పొద్దుటి ఓబులేసే ఎక్కాడు, పసుపు బేరానికి మళ్లీ నంద్యాలకట.

"కుదిరిందా పెళ్లి?"

"పెళ్లి కాదప్పా. మా పాప నత్త విషం మీద పరిశోధన చేసింది. గెలిచింది."

ఆళ్లగడ్డ దాకా తూముల సంగతి చెప్పాను. "నొప్పి మడికే నీళ్లు ఆపుతాది, పక్క మడి ఎండదు. అంతేనా?" అన్నాడు.

"అంతే."

వెనక సీటామె ముందుకు వంగింది. "ఏం నత్తప్పా అది?"

ఖాళీ డబ్బా ఒడిలో పెట్టుకొని మళ్లీ మొదటి నుంచి చెప్పాను. కర్నూలు ఇంత దగ్గరని ఎన్నడూ అనిపించలేదు.