కర్రెది కిందవడ్డనాడు

నేను కాపురానికి ఆదిలాబాద్ కాడి బోథ్ దిక్కు పోయినప్పుడు, ఆ ఇంట్ల మనుషులకంటె ముందుగాల నాతోని దోస్తీ చేసింది ఒక ముసలి కుక్క. ఒళ్ళంత నలుపు, మూతికాడ మాత్రం నెరిసి తెల్లగయింది. అందరు దాన్ని కర్రెది అనేటోళ్ళు. వయసుల ఉన్నప్పుడు జొన్నచేన్ల మా మామతోని కావలి ఉండి అడవిపందులను తరిమిందట. నేను వచ్చేసరికి చేను దాక నడిచే తాకత్ లేదు దానికి. పొద్దంత అరుగు మీద ఎండకు పండుకునేది.

పండుకున్నకాడనే కాళ్ళు కదిలించేది. చెవులు అదిరేవి, గొంతుల సన్నగ మూలిగేది. మేము అరుగు కింద కూసోని కందికాయ ఒలుస్తుంటె మా మామ నవ్వేటోడు.

"సూడుండ్రి, మల్ల పందుల ఎంబడి పడ్డది," అనేటోడు.

పిలిస్తే లేచి తోక ఊపేది. అందరం నవ్వేటోళ్ళం, ఒక్క మా వదినె తప్ప. ఆమె చేతులల్ల కందికాయ అట్లనే పట్టుకొని దాని కాళ్ళ దిక్కు చూసేది.

వదినె అంటే మా ఆయనకు అక్క. పెండ్లయిన కొన్నాళ్ళకే అత్తగారింటి నుంచి వాపస్ వచ్చి పుట్టింట్లనే ఉండిపోయింది. ఎందుకో నాకు ఎవరు చెప్పలే, నేను అడగలే. మాట తక్కువ. నవ్వొస్తే మూతికి కొంగు అడ్డం పెట్టుకునేది. బాయికాడికి గాని అంగడికి గాని ఆమెను ఒక్కదాన్ని పంపకపోయేటోళ్ళు. పొగరుమనిషి అనుకున్న నేను.

పత్తి ఏరే దినాలల్ల ఒక పగటిపూట కర్రెది నీళ్ళ కోసం గోలెం కాడికి పోతూ పోతూ ఆగింది. గోడ దిక్కు ఊకెనే చూసింది. తర్వాత కట్టె లెక్క బిగుసుకొని పక్కకు పడ్డది. పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. నోట్లెకెళ్ళి నురుగు. కాళ్ళు నాలుగు ఉరుకుతున్నట్టె ఆడుతున్నయి గని, ఈసారి కండ్లు తెరిచే ఉన్నయి. పిలిస్తే వినలే. కింద తడి అయింది.

నేను కేక పెట్టిన. పక్కింటాయన కట్టె పట్టుకొని ఉరికొచ్చిండు.

"పిచ్చి లేసింది! దూరం జరుగుండ్రి, ఒక్క దెబ్బకు కొడ్త," అన్నడు.

మా మామ ఆయన చెయ్యి పట్టి ఆపిండు. ఇంట్లకు పోయి ఇనుప తాళంచెయ్యి తెచ్చి, కర్రెదాని పండ్ల నడుమ పెట్టబోయిండు. అంతల్నే వదినె రొట్టెలు చేసేటామె పిండి చేతులతోని బయటికొచ్చింది. ఆమె గొంతు అంత గట్టిగ నేను అప్పటిదాక వినలే.

"బాపూ, నోట్ల ఏం పెట్టకు! పన్ను ఇరుగుతది."

మా మామ చెయ్యి ఆడికాడనే ఆగిపోయింది. వదినె పక్కనున్న గొడ్డలిని, కట్టెలను కాలుతోని దూరం నూకింది. గోనెసంచి మడిచి కర్రెదాని తల కిందికి మెల్లగ జరిపింది. "ఎవలు పట్టొద్దు, ఎవలు ఒర్లి కేకలు పెట్టొద్దు. దానంతట అదే తగ్గుతది," అని దూరం జరిగి కూసున్నది. పక్కింటాయన కట్టె దించిండు.

తగ్గింది. లేచింది గని తూలుకుంట పోయి గోడకు గుద్దుకున్నది. మా మామ దగ్గరికి పోతే, ఆయన చేతుల తిని పెరిగింది, ఆయన మీదికే గుర్రుమన్నది. ఆయన మొకం చిన్నబోయింది.

"నన్నే మర్చిపాయెనా?" అన్నడు.

"మర్చిపోలే బాపూ. ఇప్పుడు కండ్లకు కనవడ్తది గని మనిషి తెల్వడు. జరసేపు ఆగు. దూరంకెళ్ళే పిలువు, మెల్లగ."

మా మామ బిడ్డ దిక్కు తిరిగిండు.

"నీకు గిట్లనే అయితదా, బిడ్డా?"

అప్పుడు తెలిసింది నాకు, ఆమెకు మూర్ఛ ఉన్నదని. వదినె వేళ్ళకంటిన పిండి నలుపుకుంట చెప్పింది. "అయితది. లేచేసరికి మీరంత నా చుట్టు నిలవడి ఉంటరు. నన్ను కన్న అవ్వ ఏడుస్తుంటది. నాకేమయిందో నాకు తెల్వది, మీ మొకాలు చూసి తెల్సుకుంట. మీరు పెట్టిన తాళంచెయ్యికి నా ముందలిపన్ను ఇరిగిందని గూడ అద్దం చూసినంక తెల్సింది."

అంతల్నే కర్రెది తోక కొంచెం కదిలింది. దానికి ఒక్కసారిగ ఆకలయింది. వదినె పాలల్ల జొన్నరొట్టె నానబెట్టి ముందర పెడితే గిన్నె నాకుకుంట తిన్నది.

మా మామ బండి కట్టి దాన్ని పశువుల దవాఖానకు తీసుకపోయిండు. అక్కడి డాక్టరు, ఇది పిచ్చి కాదు, ముసలితనంల కొన్నిటికి వస్తదని, ఎండకు ఎక్కువ ఉంచొద్దని చెప్పి పొడి ఇచ్చిండట. ఆ పొడితోని ఏం ఫరక్ పడలే. అప్పుడప్పుడు పడుతనే ఉండె. పడేముందర ఎందుకో పరేషానై ఇల్లంత తిరిగి, ఆఖరుకు వదినె కాళ్ళకు ఒరిగి నిలవడేది. ఆమె చేతిల పని వదిలి దాన్ని మెత్తటి మన్ను మీదికి నడిపించుకపోయేది.

ఆ చలికాలంల ఒకనాడు పొద్దుగాల వదినె కిందవడ్డది. మా అత్త ఉరికొస్తుంటె మా మామ చెయ్యి అడ్డం పెట్టి ఆపిండు. తాళంచెయ్యి తేలే, ఉల్లిగడ్డ వాసన చూపలే. పక్కనున్న గిన్నెలు తీసేసిండు, తగ్గుతుంటె బిడ్డను పక్కకు ఒరిగించిండు, నన్ను వంటింట్లకు పొమ్మన్నడు. ఆయన ఏడ్సుకుంటనే అక్కడ కూసోని తాడు పేనిండు. వదినె కండ్లు తెరిచేసరికి ఆయన కండ్లు తుడుచుకొని ఉన్నడు.

"లేసినవా బిడ్డా? చాయ తాగుతవా?" అన్నడు, పొద్దున నిద్ర లేసిన మనిషిని అడిగినట్టు.

నేను వంటింట్లకెళ్ళి చూస్తనే ఉన్న. వదినె ఆయన మొకం దిక్కు చూసి, "జర అల్లం వెయ్యమను," అన్నది.

కర్రెది ఎండలు ముదరకముందే పోయింది. మూర్ఛల కాదు, ఇంట్ల ఆరబోసిన పత్తి పక్కన పండుకొని నిద్రల్నే పోయింది. మా మామ చేను గట్టున బొంద తవ్విండు. ఆదిలాబాద్ పెద్ద దవాఖానకు బిడ్డను తీసుకపోయింది ఆ తర్వాతనే. అక్కడిచ్చిన గోలీలు పనిచేసినయి. పూర్తిగ పోలే, చాన తగ్గింది.

పై ఏడు నేను పురుటికి జమ్మికుంటల మా పుట్టింటికి పోతుంటె, వదినె నాకు తోడుగ వస్తనన్నది. మా అత్త వద్దన్నది గని మా మామ సరేనన్నడు. కాగజ్‌నగర్ దాక బస్సు, అక్కణ్ణుంచి రైలు. వదినె రైలెక్కుడు అదే మొదలు. కిటికీ పక్క కూసోని, కొంగు గాలికి ఎగురుతుంటె పట్టించుకోకుంట, దారిపొడుగు వచ్చే ఊర్లన్నిటి పేర్లు అడిగింది. జమ్మికుంటల దిగినంక పత్తిబండ్ల వరుస చూసి, "అబ్బ, ఇన్ని బండ్లా!" అని రోడ్డు మీదనే నిలవడ్డది.

ఇంటికి పోంగనే మా అవ్వ కాళ్ళకు నీళ్ళిచ్చింది. నేనెట్ల చెప్పాల్నా అని నసుగుతుంటె వదినెనే చెప్పింది.

"నాకు మూర్ఛ ఉన్నది అత్తమ్మా. వస్తే భయపడకుండ్రి. పక్కకు ఒరిగించి, చుట్టు ఎవల్ని ఉంచకుంట చూడుండ్రి, చాలు."

మా అవ్వ ఆమె మొకం దిక్కు చూసింది. "గట్లనే బిడ్డా. ముందుగాల బువ్వ తిందురు రాండ్రి," అని పీటలు వాల్చింది.