రెండంగుళాల పంకా

నేను రిటైర్ కావడానికి సరిగ్గా పద్నాలుగు నెలల ముందు, ఏప్రిల్ మొదటి వారంలో, గద్వాల వర్క్‌షాప్ నుంచి నాగర్‌కర్నూల్ వైపు ఉన్న ఒక ఎత్తిపోతల పంప్‌హౌస్‌కు డిప్యుటేషన్ మీద వెళ్లమని ఆర్డరు వచ్చింది. హోదా అదే, ఫోర్‌మన్. పని మాత్రం కొత్తది. అక్కడి రిమోట్ సర్వే పడవకు మెకానికల్ మెయింటెనెన్స్ చూడాలి. పంప్‌హౌస్ పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడ పనిచేసినవాళ్లకు చదవగానే తెలుస్తుంది, మిగతావాళ్లకు అవసరం లేదు.

రిమోట్ పడవ అంటే చాలామందికి ఆటబొమ్మ గుర్తొస్తుంది. తయారీలో ఇది దాదాపు అదే. నాలుగున్నర అడుగుల ఫైబర్ పడవ, లోపల మోటారు, దాని నుంచి వెనక్కి వచ్చే సన్నని షాఫ్టు, షాఫ్టు చివర రెండు రెక్కల ఇత్తడి పంకా. సరదా కోసం బొమ్మ పడవలు నడిపేవాళ్లు వాడే పంకాలే దీనికీ సరిపోతాయి. తేడా అంతా అడుగున ఉంది. లోతు కొలిచే సెన్సారు ఒకటి అక్కడ బిగించి ఉంటుంది. అది నీటిలోకి శబ్దం పంపి, ఆ శబ్దం నేలకు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోతు లెక్కగడుతుంది. గట్టు మీద నుంచి రిమోట్‌తో పడవను తిన్నగా నడిపిస్తే, కంప్యూటరులో నీటి అడుగు ఆకారం గీతగా పడుతుంది.

వానాకాలంలో పంపులు మొదలుపెట్టే ముందు, నీళ్లు లోపలికి వచ్చే చోట ఒండ్రు ఎంత పేరుకుందో చూసుకోవాలి. అక్కడ చెత్త పోకుండా అడ్డంగా ఇనుప జాలీ ఉంటుంది. జాలీ ముందు ఒండ్రు మేట వేస్తే పంపు నీళ్లతోపాటు ఇసుకనూ లాగుతుంది. ఇసుక లోపలి భాగాలను తినేస్తుంది. పూర్వం మనిషిని పుట్టిలో, అంటే గుండ్రటి బుట్ట పడవలో, పంపి తాడుతో లోతు కొలిపించేవాళ్లు. ఆ పని పడవకు అప్పగించారు.

మా నాన్న, అమ్మ మట్టిపనికి ఊరూరా తిరిగినవాళ్లు. నేను ఐటీఐలో ఫిట్టర్ చదివి ఈ శాఖలో చేరాను. ముప్పై నాలుగేళ్లపాటు పెద్ద పంపులే చూశాను. మనిషెత్తు ఉండే పంపు చక్రాలను క్రేనుతో లేపి బ్యాలెన్స్ చేసిన చేతికి, రెండంగుళాల పంకా గోళీకాయలా అనిపించింది. దాన్ని నేను పెద్ద పనిగా తీసుకోలేదు.

నేను వెళ్లిన రెండో వారంలో పడవ గట్టు దగ్గర రాయికి కొట్టుకుంది. ఒక రెక్క వంగింది. హబ్, అంటే షాఫ్టు దూరే మధ్య బొడ్డు, దాని రంధ్రం వదులైంది. కొత్త పంకా తెప్పించడానికి నెల పడుతుందన్నారు. నేను రెక్కను సాపు చేసి, రంధ్రం పెద్దది చేసి, లోపల ఇత్తడి బుష్షు, అంటే చిన్న గొట్టం ముక్క, దిగ్గొట్టి మళ్లీ షాఫ్టు కొలతకు తెచ్చాను. తర్వాత బ్యాలెన్స్ చూశాను.

ఈ బ్యాలెన్స్ చూడడం చెప్పినంత సులభంగానే ఉంటుంది. రెండు కొత్త షేవింగ్ బ్లేడ్లను ఒకే ఎత్తులో ఎదురెదురుగా నిలబెట్టాలి. పంకాలో బిగుతుగా పట్టే ఉక్కు కడ్డీ దూర్చి, కడ్డీ రెండు చివరలను బ్లేడ్ల అంచుల మీద ఉంచాలి. రెక్కలను నేలకు అడ్డంగా పెట్టి వదిలితే, బరువెక్కువున్న రెక్క కిందికి దిగుతుంది. దాని వెనక ముఖాన్ని సన్నని ఎమరీ కాగితంతో కొద్దికొద్దిగా గీకాలి. నీటిని నెట్టే ముఖాన్ని ముట్టుకోకూడదు, ముట్టుకుంటే పడవ వేగమే మారిపోతుంది. రెక్కలు అడ్డంగా కదలకుండా నిలిచేదాకా ఇలా చేయాలి. అక్కడితో సగం పని అవుతుంది. మిగతా సగం, రెక్కలను నిలువుగా పెట్టి వదలడం. అప్పుడు పంకా ఏ పక్కకైనా ఒరిగితే లోపం రెక్కల్లో లేదు, బొడ్డులో ఉంది.

నేను మొదటి సగం చేశాను. రెక్కలు అడ్డంగా చక్కగా నిలిచాయి. పంకా బిగించి, మెయింటెనెన్స్ రిజిస్టరులో 'బ్యాలెన్స్ చూడడమైనది, బాగుంది' అని రాసి సంతకం పెట్టాను.

మే నెలాఖరున అసలు సర్వే జరిగింది. రిమోట్ పట్టుకున్నది ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, ఇమ్రాన్, వనపర్తి ఆయన, జాగ్రత్త గల మనిషి. మూడుసార్లు నడిపిస్తే మూడుసార్లూ ఒకే ఫలితం వచ్చింది. ముప్పై అడుగుల లోతు సమంగా వచ్చి వచ్చి, జాలీకి ఇంకా నలభై అడుగుల దూరం ఉందనగా గీతలో నేల పైకి లేచింది. జాలీ ముందు లోతు పదడుగులే ఉన్నట్టు గీత పడింది. అంటే అక్కడ ఇరవై అడుగుల మేట ఉన్నట్టు.

అది నిజమైతే పూడిక తీసే యంత్రం బయటి నుంచి రావాలి. పంపులు మూడు వారాలు ఆలస్యమవుతాయి. కింద కాలువ పొడుగునా రైతులు నారు పోసుకొని నీళ్ల కోసం చూస్తుంటారు. ఆ నిర్ణయం ఈఈ మేడమ్ తీసుకోవాలి. ఈఈ అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, పంప్‌హౌస్ మొత్తానికి బాధ్యురాలు. యంత్రం పిలిపించే ముందు మేటను ఒక మనిషి దిగి చూడాలని ఆమె అన్నారు. దిగేవాళ్లు ఎవరున్నారని అడిగితే నేనే నర్సింహులు పేరు చెప్పాను. గద్వాల దగ్గర కృష్ణ ఒడ్డున చేపలు పట్టే మనిషి, నాకు ఇరవై ఏళ్ల నుంచి తెలుసు.

మరునాడు పొద్దున నర్సింహులు తన భార్య చంద్రమ్మతో వచ్చాడు. వాళ్లిద్దరూ ఒకే పుట్టిలో పనిచేస్తారు. ఆయన దిగుతాడు, ఆమె తాడు పట్టుకుంటుంది.

"పదడుగులే గద సారు," అన్నాడు నర్సింహులు. "నడుముకు రాయి కట్టుకొని దిగుత. మేట మీద నిలవడి సలాక గుచ్చి చూస్త. గట్టిగున్నదా, బురదనా తెలుస్తది."

చంద్రమ్మ పదిహేను అడుగుల తాడు విప్పి ముడులు వేస్తోంది. ఆ లోపు మేడమ్ చూడాలన్నారని ఇమ్రాన్ మరోసారి పడవను నడిపించాడు. నేను నీటి అంచున నిలబడి ఉన్నాను. అంతకుముందు మూడుసార్లూ నేను పంపుల దగ్గర ఉన్నాను, పడవ నడక చూడలేదు. సగం దూరం దాకా మెత్తగా పోయింది. జాలీ దగ్గరికి వచ్చేసరికి మోటారు చప్పుడులో గరగరమనే మరో చప్పుడు కలిసింది. పడవ అంచుల చుట్టూ నీటి మీద సన్నని వణుకు కనిపించింది.

"ఇక్కడ వేగం ఎందుకు పెంచారు సార్?" అని ఇమ్రాన్‌ను అడిగాను.

"జాలీ దగ్గర గాలి ఎదురు కొడుతుందన్నా. ఫుల్ ఇస్తెనే ముంగలికి పోతుంది. ప్రతిసారీ గట్లనే ఇచ్చిన."

పడవ ఒడ్డుకు వచ్చాక దాన్ని చేత్తో పట్టుకొని, ఫుల్ వేగం ఇవ్వమన్నాను. వేళ్లు జివ్వుమన్నాయి. పంకా నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. బొడ్డు వెంట్రుకవాసి పక్కకు ఉన్నా ఆ వేగంలో పడవంతా అదురుతుంది. పడవ అదిరితే అడుగున గాలి బుడగలు పుడతాయి. ఆ అదురు చప్పుడును, బుడగలను సెన్సారు నేల నుంచి తిరిగొచ్చిన శబ్దం అనుకోవచ్చు. వేగం తక్కువున్న చోట సరైన లోతు, వేగం పెంచిన చోట మేట. రెక్కలను నిలువుగా పెట్టి చూడలేదన్న సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా రాయాలి. గుర్తొచ్చాక పది నిమిషాల దాకా నేను నోరు తెరవలేదు. నా సంతకం రిజిస్టరులో ఉంది. సర్వీసులో అంతవరకు ఒక్క మచ్చ లేదు. ఎలాగూ నర్సింహులు దిగుతాడు, మేట లేదని ఆయనే వచ్చి చెబుతాడు, పంకాను తర్వాత నేను చప్పుడు లేకుండా సరిచేసుకోవచ్చు అని ఆలోచించాను. ఆయన దిగేది పదడుగులకా, ముప్పై అడుగులకా అన్నది నా ఆలోచనలో ఆ కాసేపు లేదు.

చంద్రమ్మ తాడుతో నా దగ్గరికి వచ్చింది.

"సారూ, పదడుగులే అని మిషన్ల వచ్చిందంట గద. నిజమేనా?"

నేను అవునని అనలేకపోయాను. "ఆగమ్మా, ఆయన్ను రాయి విప్పమను," అని చెప్పి మేడమ్ దగ్గరికి వెళ్లాను. లెక్క తప్పై ఉండవచ్చని, తప్పు పంకాలో ఉండవచ్చని, ఆ పంకా సరిచేసింది నేనేనని చెప్పాను.

ఆమె ముఖంలో కోపం కనిపించింది గానీ గొంతు పెంచలేదు. "అనుమానమా, ఖాయమా?" అని అడిగారు.

"అనుమానమే మేడమ్. అరగంటలో తేల్చవచ్చు. మోటారు ఆపేసి, పడవకు తాడు కట్టి అదే దారిలో లాగుదాం. పంకా తిరగకపోతే అదురు ఉండదు. మేట నిజమైతే అప్పుడు కూడా కనిపించాలి."

నర్సింహులు, చంద్రమ్మ పుట్టిలో జాలీ దాకా వెళ్లి తాడు కొస పట్టుకొని పడవను మెల్లగా లాగారు. ఇమ్రాన్ కంప్యూటరు ముందు కూర్చొని లోతు గట్టిగా చదువుతూ పోయాడు. ముప్పై. ముప్పై. ఇరవై తొమ్మిదిన్నర. జాలీకి ఆనుకునే దాకా అదే. మేట లేదు.

మేడమ్ నా వైపు తిరిగి, "పంకా సరిచేసి మళ్లీ ఫుల్ వేగంతో నడిపి చూపించండి. అప్పటిదాకా ఎవరూ దిగరు," అన్నారు.

పంకా విప్పుకొని పంప్‌హౌస్ వర్క్‌షాప్‌కు వెళ్లాను. బ్లేడ్ల మీద పంకా ఉన్నప్పుడు చిన్న గాలి కూడా దాన్ని తిప్పుతుంది కాబట్టి ఫ్యాను ఆపి, కిటికీలు మూసి కూర్చున్నాను. మే నెల ఎండ, రేకుల కప్పు. రెక్కలు అడ్డంగా పెడితే కదలకుండా నిలిచాయి. నిలువుగా పెట్టి వదిలాను. పంకా ఒక పక్కకు మెల్లగా ఒరిగి, రెక్కలు అడ్డం వచ్చాక ఆగింది. మళ్లీ మళ్లీ పెట్టాను, ప్రతిసారీ అదే పక్కకు. నేను దిగ్గొట్టిన బుష్షు వంకరగా కూర్చుంది. దాన్ని తీసి, చిన్న లేత్ మీద కొత్తది చేసి, డయల్ గేజీతో అన్ని పక్కలా కొలిచి బిగించాను. ఆ తర్వాత రెక్కలు అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా, ఎలా పెడితే అలా నిలిచేదాకా గీకాను. మూడు గంటలు పట్టింది.

సాయంత్రం ఇమ్రాన్ ఎదురుగాలిలో ఫుల్ వేగంతో నడిపించాడు. గరగర లేదు, నీటి మీద వణుకు లేదు. జాలీ ముందు ఇరవై తొమ్మిదిన్నర అడుగులు. అరడుగు ఒండ్రు ఉన్నట్టు. దానికి మనిషి దిగనక్కర్లేదు, యంత్రమూ అక్కర్లేదు. పంపులు అనుకున్న రోజునే మొదలయ్యాయి.

వెళ్లేముందు నర్సింహులు పుట్టిని బోర్లించి ఆరబెడుతూ, "పదడుగులకే ఊపిరి పట్టుకొని దిగుతుంటి, ముప్పై ఉండె," అని మాత్రం అన్నాడు. నేను చంద్రమ్మతో, నువ్వు అడిగింది మంచిదైందమ్మా అన్నాను.

ఆమె తాడు చుట్టడం ఆపలేదు. "పడవను పట్టుకున్నంక నీ మొఖం మారింది సారు. గందుకే అడిగిన. నువ్వే ముందుగాల చెప్పొచ్చుండె."

ఆమె అన్నది ఉన్నమాటే.

వారం తర్వాత నాకు మెమో వచ్చింది. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. బుష్షు వంకరగా వేశానని, రెండో పరీక్ష చేయకుండానే 'బాగుంది' అని సంతకం పెట్టానని నాలుగు వాక్యాల్లో రాసిచ్చాను. పనిభారం గురించి గానీ, కొత్త పంకా రావడం ఆలస్యమైన సంగతి గానీ రాయలేదు. సర్వీస్ బుక్కులో హెచ్చరిక నమోదైంది. తప్పు తానే చెప్పాడని మేడమ్ పక్కన ఒక వాక్యం చేర్చారు.

మిగిలిన ఏడాదిలో ఆ పడవ పంకాను నేను పదకొండుసార్లు విప్పి చూశాను. రిజిస్టరులో 'బాగుంది' అని మళ్లీ రాయలేదు. ఏయే పరీక్షలు చేశానో వరుసగా రాశాను. ఏదైనా చేయలేకపోతే, చేయలేదని అదే వరుసలో రాశాను. ఆ కాగితాన్ని నమ్మి నీళ్లలోకి దిగేవాడికి, నేను ఏం చూశానన్నదానికంటే ఏం చూడలేదన్నదే ఎక్కువ అవసరం.