ఇంటిల్లిపాదికీ ఒకే పాఠం

మా బావతో కలిసి రోడ్డు మీద నడవడమంత విసుగు పని ఇంకోటి ఉండేది కాదు. పక్క వీధిలో ఉన్న మందుల షాపుకు వెళ్ళి రావడానికి అరపూట పట్టేది. కనబడిన ప్రతి కిటికీ ముందూ ఆగేవాడు.

"అదిగో, ఆ పై అంతస్తు అద్దం నాదే. ఎండ పడినప్పుడు చూడు మరదలు పిల్లా, ఎక్కడైనా వంకర కనిపిస్తుందేమో!"

నలభై దాటినా నేను ఆయనకు మరదలు పిల్లనే. "నీదైతే ఊడబెరుక్కొచ్చి మన వంటింటికి పెట్టు బావా" అనేదాన్ని. మా వంటింటి కిటికీలో ఒక అద్దం పగిలి చాలాకాలమైంది. దాని స్థానంలో అట్టముక్క ఉండేది. ఊరందరి కిటికీలకూ అద్దాలు బిగించే మనిషికి సొంత కిటికీ దగ్గరికొచ్చేసరికి ఆదివారం దొరకదు.

మా బావ అద్దాల మేస్త్రీ. కొలత తీసుకుంటాడు, షాపులో అద్దం కోస్తాడు, దాన్ని పసిబిడ్డను మోసినట్టు మోసుకెళ్ళి వాళ్ళింట్లో బిగిస్తాడు. పని అయ్యాక గాజు పెంకు ఒక్కటి కూడా మిగలకుండా నేలంతా అరచేత్తో తడిమి చూస్తాడు. చీపురును నమ్మడు. పరాయి వాళ్ళ వంటిళ్ళలోకీ పడగ్గదుల్లోకీ వెళ్ళే పని కాబట్టి, తల వంచుకుని వెళ్ళి తల వంచుకుని వస్తాడని షాపు యజమానికి ఆయనంటే గురి. మా ఆయన పోయాక నేను అక్కా బావల దగ్గరే ఉంటున్నాను. ఇంట్లో నాలుగో మనిషి బావ వాళ్ళమ్మ, మా అత్తయ్య. ఆవిడకు మోకాళ్ళు పనిచేయవు కానీ నోరు బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా ముఖాలు ఈ ఊరి ముఖాలు కావు. మా తాతలు పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే పోయారు. మేం ఇక్కడే పుట్టాం. అయినా ఆ నలుపూ, ఆ వెడల్పు ముక్కూ, దువ్వెన విరగ్గొట్టే ఆ ఉంగరాల జుట్టూ అలాగే ఉండిపోయాయి. ఆస్తులేమీ ఇవ్వలేదు గానీ ఇవి మాత్రం మా తాతలు ఎవరికీ తక్కువ కాకుండా పంచి వెళ్ళారు.

ఒక ఆదివారం పొద్దున తలుపు చప్పుడైంది. ఇద్దరు పోలీసులు. ఒకాయనకు మీసాలున్నాయి. రెండో ఆయన ఫోన్లో ఏదో నొక్కుకుంటూ నిలబడ్డాడు. వెనక వీధిలో ఎవరింట్లోనో దొంగతనం జరిగిందట. కిటికీ అద్దం పగలకుండా ఊడదీసి లోపలికి దూరారట. ఎదురు మేడ మీద నుంచి చూసినావిడ "వాళ్ళలో ఒకడిలా ఉన్నాడు" అని చెప్పిందట. వాళ్ళు అంటే మేము.

మా భవనంలో మా వాళ్ళ తలుపులు మాత్రమే తట్టారు. మా ఎదురింటి ప్లంబరు గోడ పైపు పట్టుకుని ఏ అంతస్తుకైనా ఎక్కగలడు. ఆయన తలుపు తట్టలేదు. ఆయన జుట్టు సాఫీగా ఉంటుంది.

"గురువారం సాయంత్రం నీ మొగుడెక్కడున్నాడు?" అని మీసాలాయన అక్కను అడిగాడు.

"పనిలో ఉన్నారండీ."

"నువ్వు చెప్పు" అని నావైపు తిరిగాడు.

"ఇంట్లోనే ఉన్నాడనుకుంటానండీ."

"నాకేం తెలుసు బాబూ, నేను పడుకున్నాను" అంది అత్తయ్య, ఆవిడ వంతు రాకముందే.

బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "షాపు నుంచి నడుచుకుంటూ వచ్చానండీ. దారిలో కాస్త ఆలస్యమైంది."

"దారిలో ఏం చేశావు?"

అబద్ధం చెప్పడం రాని మనుషులతో వచ్చే చిక్కే ఇది. "కిటికీలు చూస్తూ వచ్చానండీ" అన్నాడు.

మీసాలాయన ఫోనాయన ముఖం చూశాడు. బావనూ, పనిముట్ల సంచీనీ కలిపి తీసుకెళ్ళారు. చీకటి పడ్డాక బావ ఒక్కడే తిరిగొచ్చాడు. సంచీ తర్వాతెప్పుడో ఇచ్చారు, అద్దాన్ని అంటుకుని పట్టుకునే రబ్బరు పిడి లేకుండా. ఈలోగా షాపుకు ఫోన్ చేసి ఈ మనిషి ఎలాంటివాడని అడిగారు. యజమాని చెడ్డవాడు కాదు. "నీ మీద నాకేం అనుమానం లేదయ్యా. కానీ జనం ఇళ్ళల్లోకి పంపాల్సిన మనిషివి. ఇంకోసారి పోలీసుల నుంచి ఫోనొస్తే మాత్రం నేనేం చెయ్యలేను" అన్నాడు.

నేనైతే నెల రోజులు తిట్టుకుంటూ తిరిగేదాన్ని. బావకు మాత్రం పోలీసుల మీద కోపం రాలేదు. మా మీద వచ్చింది.

"తప్పు మనదే. ఒక ఇంట్లో నాలుగు నోళ్ళు, నాలుగు మాటలు. ఎవరికైనా అనుమానం రాదా?"

"అనుమానంతోనే కదా బావా తలుపు కొట్టింది? మన మాటలు విన్నాక కొట్టారా?"

"నువ్వూరుకో. ఇకమీదట ఇంటిల్లిపాదిదీ ఒకటే మాట."

ఆ రాత్రి నుంచి అన్నాలయ్యాక పాఠం మొదలైంది. ఆ రోజు ఎక్కడికెళ్ళాడో, ఏ దారిన వచ్చాడో, ఇంటికొచ్చి ఏం చేశాడో బావ వరసగా చెప్పేవాడు. మేం ముగ్గురం అప్పజెప్పాలి. కాగితం మీద రాసుకుందామంటే ఒప్పుకోలేదు. ఆ కాగితం దొరికితే అది ఇంకో గొడవట. తర్వాత దువ్వెనను మీసంలా ముక్కు కింద పెట్టుకుని, గొంతు బొంగురు చేసి, "నీ మొగుడెక్కడున్నాడు?" అని అక్కను గద్దించేవాడు. అక్కకు నవ్వాగేది కాదు. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకూ సరదాగానే ఉండేది.

అత్తయ్యకు రెండు మాటలు గుర్తుంటే మూడోది జారిపోయేది. బావ విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ చెప్పించేవాడు. ఆవిడ బడి గుమ్మం ఎరగదు. ఈ వయసులో కొడుకు కూర్చోబెట్టి పాఠం చెబుతుంటే ఆవిడకు ఎక్కడలేని హుషారూ వచ్చింది. పగలంతా మంచం మీద కూర్చుని గొణుక్కుంటూ వల్లె వేసేది. కొన్నాళ్ళకు మా ఇద్దరికన్నా ఆవిడే బాగా చెప్పడం మొదలుపెట్టింది. "నాకు చదువు రాదన్నవాడెవడు?" అని అడిగి మరీ నవ్వేది.

పాఠం రోజురోజుకూ చిన్నదైపోతోందని నేను గమనించాను. ఎక్కడైనా ఆగితే అది ఇంకో ముక్క, నలుగురూ గుర్తుపెట్టుకోవాలి. అందుకని బావ ఆగడం మానేశాడు. టీ కొట్టు మానేశాడు. పాత స్నేహితుడు ఎదురైతే చెయ్యూపి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు నాతో మందుల షాపుకు వచ్చాడు, గబగబా వెళ్ళి గబగబా వచ్చేశాం. దారిలో ఆయన బిగించిన అద్దాలన్నీ ఎండకు మెరుస్తున్నాయి. ఆయన తన చెప్పులు చూసుకుంటూ నడిచాడు.

"అదిగో బావా, నీ అద్దం" అన్నాను.

"చూడకు" అన్నాడు. "నువ్వు కూడా చూడకు."

ఎప్పుడూ విసుక్కునేదాన్ని, ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

పోలీసులు మళ్ళీ వచ్చారు. ఈసారి ఒక శనివారం మధ్యాహ్నం, బావ అప్పుడే భోజనానికి ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుంటున్నాడు. ఇంకో ఇల్లు, ఇంకో దొంగతనం, అదే మీసాలాయన. బుధవారం సాయంత్రం సంగతి అడిగాడు.

అక్క తడుముకోలేదు. "షాపు నుంచి తిన్నగా ఇంటికొచ్చారండీ. దారిలో ఎక్కడా ఆగలేదు. కాళ్ళు కడుక్కుని, టీ తాగి, టీవీ ముందు కూర్చున్నారు."

తర్వాత నన్నడిగాడు. ఒక్క మాటైనా మార్చి చెబుదామనుకున్నాను. నా నోట్లో ఇంకో మాట లేదు. "షాపు నుంచి తిన్నగా ఇంటికొచ్చాడండీ. దారిలో ఎక్కడా ఆగలేదు. కాళ్ళు కడుక్కుని, టీ తాగి..." నా గొంతు నాకే వినిపిస్తోంది. బావ కళ్ళు మూసుకున్నాడు.

లోపలి గదిలోంచి అత్తయ్య గోడ పట్టుకుంటూ వచ్చింది. ఆవిడను ఎవరూ పిలవలేదు. జుట్టు సవరించుకుని, మీసాలాయనకు ఎదురుగా నిలబడి, గొంతు సర్దుకుంది.

"మా అబ్బాయి షాపు నుంచి తిన్నగా ఇంటికొచ్చాడు బాబూ. దారిలో ఎక్కడా ఆగలేదు. కాళ్ళు కడుక్కుని, టీ తాగి, టీవీ ముందు కూర్చున్నాడు." అక్కడితో ఆగినా బాగుండేది. తనవంతుగా ఇంకో ముక్క కలిపింది. "ఏ కిటికీ వంకా చూడలేదు."

"కిటికీ మాట నేనెత్తలేదే!" అన్నాడు మీసాలాయన. నవ్వాడు కూడా. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందే! ఇంత చక్కగా ఎవరు నేర్పారమ్మా?"

"ఇంకెవరు, మా అబ్బాయే" అంది అత్తయ్య, ముఖమంతా వెలిగిపోతూ. "రోజూ అన్నాలయ్యాక కూర్చోబెట్టి మా అందరికీ నేర్పుతాడు బాబూ."

ఫోనాయన అదంతా ఫోన్లోకి ఎక్కించుకున్నాడు.

"అంతా నిజమేనండీ! ఆయన నిజంగానే ఇంటికొచ్చాడు, నిజంగానే టీ తాగాడు" అన్నాను. దాదాపు అరిచాను.

"నిజమైతే నేర్పడం దేనికి?"

తలోమాట చెబితే కలవలేదన్నారు. ఒకే మాట చెబితే కూడబలుక్కున్నారన్నారు. మా ముఖాలతో మేం నిజాన్ని ఎలా చెబితే నిజమవుతుందో ఎవరైనా చెబితే అది కూడా నేర్చుకుందుము. బావ చొక్కా మార్చుకుంటానన్నాడు, అక్కర్లేదన్నారు. మెట్ల మీద ప్లంబరు పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

అక్కా నేనూ రోజూ వెళ్ళి స్టేషన్లో బల్ల మీద కూర్చునేవాళ్ళం. "విచారణలో ఉంది" అనేవారు. ఆ తర్వాతి వారం వదిలేశారు. దొంగ దొరికాడట, ఆ దొంగతనం జరిగిన ఇంటివాళ్ళ దూరపు చుట్టమేనట. ఆ సంగతి మీసాలాయన మాకు ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పినంత మామూలుగా చెప్పాడు. "ఇక వెళ్ళొచ్చు" అన్నాడు. అంతే. షాపుకు ఫోన్ చేసి మా మనిషి తప్పేమీ లేదని చెప్పండి అని అక్క బతిమాలింది. అది వాళ్ళ పని కాదట. ముందు ఫోన్ చేసింది మాత్రం వాళ్ళే.

షాపులో అప్పటికే ఇంకో మేస్త్రీ వచ్చేశాడు. యజమాని బావకు టీ ఇప్పించి, "కొన్నాళ్ళు ఆగు, చూద్దాం" అన్నాడట. ఆ కొన్నాళ్ళు ఇంకా అయిపోలేదు. "ఖాళీగానే ఉన్నావు కదా బావా, మన వంటింటి అద్దమైనా పెట్టు" అన్నాను ఒకరోజు. "నేను కిటికీ దగ్గర ఏదో ఊడదీస్తున్నానని ఎవరైనా చూస్తే?" అన్నాడు. హాస్యానికి అనలేదు.

అత్తయ్యకు మాత్రం పట్టలేనంత గర్వం. తను అంత బాగా చెప్పబట్టే కొడుకును వదిలిపెట్టారని ఆవిడ నమ్మకం. వచ్చినవాళ్ళందరికీ ఆ మాట చెబుతుంది. ఒకసారి నాకు ఒళ్ళు మండి అసలు సంగతి నోటిదాకా వచ్చింది. బావ నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

ఇప్పటికీ అన్నాలయ్యాక ఆవిడే పిలుస్తుంది.

"ఒరే, ఇవాళ్టి పాఠం చెప్పు. ఎక్కడికెళ్ళావు?"

"ఎక్కడికీ వెళ్ళలేదమ్మా."

"పనికి?"

"వెళ్ళలేదు."

"మరి ఏ దారిన వచ్చావు?"

"ఇంట్లోనే ఉన్నానమ్మా. దారెక్కడిది?"

"ఇంత చిన్న పాఠమా!" అని నవ్వుతుంది. తర్వాత వీధి తలుపు వైపు తిరిగి, నిటారుగా కూర్చుని, గొంతు సర్దుకుంటుంది.

"మా అబ్బాయి ఎక్కడికీ వెళ్ళలేదు బాబూ. ఇంట్లోనే ఉన్నాడు."

ఒక్క తప్పూ దొర్లదు. "బాగా చెప్పావమ్మా" అంటాడు బావ.