ఆ బటన్ తీయను

ప్రోగ్రాం రాసింది ఆడపడుచు. దానితో నానా అవస్థా పడుతున్నది వదిన. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే పొయ్యి మీద వండుకుంటూ కూడా ఆ సంగతి ఎనిమిది నెలల దాకా ఇద్దరికీ తెలియలేదు.

వదిన చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షన్ మనిషి. పందొమ్మిదేళ్లుగా అదే పని. కాలరు, చేతులు, వీపు, జేబులు, ఈ ముక్కలన్నీ బట్ట మీద ఎలా పేరిస్తే గుడ్డ తక్కువ వృథా అవుతుందో కంటితో చూసి సుద్దతో గీసేది. ఇప్పుడా పేర్పు కంప్యూటర్ చేస్తుందన్నారు. కొలతలు ఇచ్చి బటన్ నొక్కితే అది వేల రకాలుగా పేర్చి చూసుకుని, చివరికి అన్నిటికన్నా మంచిది చూపిస్తుంది. దానికి పది పదకొండు నిమిషాలు పడుతుంది.

ఆడపడుచుకు నలభై దాటాయి. అయిదుగురున్న చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. ఆఫీసులో ఆమెకు మొండిఘటం అని పేరు. వెనకాలే అనేవాళ్లు. ఒకసారి పొరపాటున ఎదురుగా అంటే, "అవును, అయితే ఏంటట?" అని అడిగింది. అన్నవాడు టీ తాగడానికి లేచి వెళ్లిపోయాడు.

ఒక సెలవురోజు పొద్దున వదిన వంటింట్లో గిన్నెల మీద కోపం చూపిస్తోంది. ఏమైందని అడిగితే సంచిలోంచి ఒక కాగితం తీసి ముందు పడేసింది. మెమో. ఆపరేటర్ అజాగ్రత్త వల్ల సగం రోజు పని పోయిందని, తప్పు ఒప్పుకుంటూ సంతకం చేయాలని ఉంది.

"నేను పెట్టను అన్నాను. ఉద్యోగం పోతే పోనీ" అంది వదిన.

"అసలేం చేశావు?"

"ఏం చేస్తాను? బటన్ నొక్కాను. నొక్కగానే తెర తెల్లగా పాలిపోయింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చచ్చిందో బతికుందో తెలియక ఇంకో మూడుసార్లు నొక్కాను. మొత్తం మూసుకుపోయింది. పొద్దుట్నుంచి ఎక్కించిన కొలతలన్నీ గంగపాలు. ఇదిగో చూడు దాని మొహం" అని ఫోన్‌లో ఫోటో చూపించింది.

తెల్లబోయిన తెర మీద ఓ మూల చిన్న ఆకుపచ్చ కత్తెర బొమ్మ ఉంది. ఆ కత్తెరను ఆడపడుచే గీసింది. వదినను ఇన్నాళ్లూ ఏడిపిస్తున్నది తన ప్రోగ్రామే. అయినా నోరు ఊరుకోలేదు.

"అది చావదు వదినా. లోపల పని చేస్తూనే ఉంటుంది. కాస్త ఓపిక పట్టాలంతే."

వదిన గరిటె కింద పెట్టింది. "ఓపికా? ఓహో, నీదేనన్నమాట ఈ ఘనకార్యం! అయితే నువ్వొచ్చి ఆ కుర్చీలో ఒక్కరోజు కూర్చో తల్లీ. ఓపిక గురించి అప్పుడు మాట్లాడుకుందాం."

మర్నాడు ఆడపడుచు సెలవు పెట్టి, నేర్పడానికి వచ్చిన కంపెనీ మనిషినని గేటు దగ్గర చెప్పి లోపలికి వెళ్లింది. పొడుగాటి బల్లలు, గాలిలో నూలు ధూళి, కోత మెషీన్ల రొద. వదిన నూట నలభై ముక్కల కొలతలు ఎక్కించి బటన్ నొక్కింది. వెంటనే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

"అదేంటి?"

"మళ్లీ నొక్కకుండా. అలవాటు చేసుకున్నాను."

తెర తెల్లబడింది. ఒక నిమిషం, రెండు, నాలుగు. సూపర్‌వైజరు పక్కనుంచి పోతూ, "ఏంటమ్మా, చేతులు దాచుకుని కూర్చున్నావు? జీతం కూర్చోడానికా?" అన్నాడు. ఆడపడుచు మొహం ఎర్రబడింది. ఆఫీసులో తను పన్నెండు ముక్కలతో పరీక్షించింది. రెండు క్షణాల్లో అయిపోయేది. తెర పాలిపోయేంత సమయమే ఉండేది కాదు.

ఎక్కడ తప్పిందో ఆమెకు కూర్చున్నచోటే అర్థమైంది. ప్రోగ్రాంలో త్రెడ్ అంటే ఒకదాని తర్వాత ఒకటిగా పని చేసుకుపోయే పనివాడి లాంటిది. విండో బాధ్యతంతా అలాంటి ఒకే త్రెడ్‌ది. ఎవరైనా నొక్కితే పలకాల్సిందీ అదే, తెర మీద బొమ్మ గీయాల్సిందీ అదే. పేర్పు లెక్కను కూడా ఆమె దాని నెత్తినే పెట్టింది. లెక్క తేలేదాకా అది తలెత్తదు. ఈలోగా నొక్కిన నొక్కులన్నీ గుమ్మంలో నిలబడి ఉంటాయి. తప్పు వదినది కాదు, కంప్యూటర్‌దీ కాదు.

ఆడపడుచు మెమో అడిగి తీసుకుని, సంతకం చేయాల్సిన చోట రాసింది: "ఇది ఆపరేటర్ తప్పు కాదు. ప్రోగ్రాంలో తప్పు. రాసింది నేను." కింద తన సంతకం పెట్టి, తిన్నగా వెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టి వచ్చింది.

ఆమె బస్సు దిగకముందే ఫ్యాక్టరీ నుంచి ఆమె కంపెనీ ఓనరుకు ఫోన్ వెళ్లింది.

"మన తప్పని రాసిచ్చి వస్తావా? బుద్ధుందా?" అన్నాడాయన మర్నాడు పొద్దున్నే.

"తప్పు మనదే కదా సార్."

"సరే, అయిందేదో అయింది. పదిరోజుల్లో వాళ్లకు కొత్తది చూపించాలి. వేరే చిన్న విండోలో ఒక గీత పెట్టు. తొంభై శాతం దాకా మెల్లగా నిండి ఆగుతుంది. పని అయ్యాక వంద చూపించు. జనం చూస్తూ కూర్చుంటారు."

"లోపల పని చచ్చి పడున్నా ఆ గీత నిండుతూనే ఉంటుంది సార్. అబద్ధం చెప్పే గీత నేను గీయను."

"అందరూ గీస్తున్నారమ్మా!"

"అయితే వాళ్లతోనే గీయించండి."

ఓనరు తల పట్టుకున్నాడు. ఆ కోడ్ తలాతోకా తెలిసింది ఈమె ఒక్కతికే. పదిరోజులూ ఆమెకే వదిలేశాడు.

పేర్పు లెక్కను విడదీసి మరో త్రెడ్‌కు అప్పగించింది. ఆ సంగతి ఇంట్లో చెబితే, "దారమా? మా దగ్గర కండెలు కండెలు పడున్నాయి, ఎన్ని కావాలి?" అంది వదిన. మొదటిసారి ఆ కొత్త త్రెడ్ తన లెక్క తను చేసుకోకుండా తెర మీద బొమ్మ కూడా తనే గీయబోయింది. రెండూ ఒకే బొమ్మ మీద పడేసరికి, ఓనరు వెనకాల నిలబడి చూస్తుండగానే ప్రోగ్రాం కుప్పకూలింది. "దీనికన్నా తెల్లబడ్డమే నయం" అన్నాడాయన. తెరను ముట్టుకునే పని విండోదే అని తేల్చి, లెక్కచేసేది కబురు మాత్రం పంపేట్టు మార్చింది. ఈసారి ఒక్కో ప్రయత్నానికీ ఒక్కో కబురు వచ్చిపడి, వాటిని చదవలేక విండో మళ్లీ బిగుసుకుపోయింది. క్షణానికి నాలుగు కబుర్లు చాలని కట్టడి చేసింది. అప్పుడు ఊపిరాడింది.

ఆఖరున 'ఆపు' అని ఒక బటన్ పెట్టింది. దాన్ని నొక్కినంత మాత్రాన అది లెక్క పీక నొక్కి చంపేయదు. లెక్కచేసేది ప్రతి పేర్పు తర్వాతా ఆగమన్నారా అని చూసుకుంటుంది. ఆగమంటే అప్పటిదాకా దొరికిన మంచి పేర్పును చేతికిచ్చి ఆగుతుంది.

చూపించే రోజు మేనేజరు గడియారం పట్టుకుని నిలబడ్డాడు. ఓనరు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. వదిన బటన్ నొక్కింది. తెర తెల్లబడలేదు. ముక్కలు కళ్లముందే జరుగుతున్నాయి. గుడ్డ ఎంత వృథా అవుతోందో అంకె తగ్గుతూ వస్తోంది. నాలుగో నిమిషంలో వదిన ముందుకు వంగి, "ఆగాగు" అని 'ఆపు' నొక్కింది. టక్కున ఆగింది. అది చారల గుడ్డ, జేబు ముక్కలు రెండింటికి చారలు కలవడం లేదు. వాటిని చేత్తో జరిపి, మళ్లీ సాగమంది.

"ఎవరు ఆపమన్నారు నిన్ను?" అన్నాడు మేనేజరు.

"నేనే ఆపాను సార్. చారలు తప్పాయి."

పని పూర్తయ్యేసరికి పాతదానికన్నా నలభై సెకన్లు ఎక్కువే పట్టింది. ఓనరుకు చెమటలు పోశాయి. చిత్రంగా, ముక్కల కదలిక చూస్తూ గడియారం సంగతి మరిచిపోయిన మేనేజరు, "స్పీడు బాగా పెరిగింది" అన్నాడు. తర్వాత వేలెత్తి చూపించాడు. "ఆ బటన్ మాత్రం తీసేయండి. ఎవరికి తోచినప్పుడు వాళ్లు ఆపేస్తుంటే ఇక అదుపేముంటుంది?"

"రేపే తీసేయిస్తాం సార్" అన్నాడు ఓనరు.

"తీయను" అంది ఆడపడుచు.

అందరూ ఆమె వైపు తిరిగారు. "తప్పు కళ్లముందు కనిపిస్తోంది. తెలిసిన మనిషి ఎదురుగా కూర్చునుంది. ఆపొద్దంటే ఆ కుర్చీలో మనిషెందుకు సార్? బొమ్మను కూర్చోబెట్టండి."

మర్నాడు ఆ ప్రాజెక్టు ఆమె చేతినుంచి పోయింది. మిగతా ముగ్గురినీ బటన్ తీయమంటే ఒకరికి జ్వరం, ఒకరికి వేరే పని, మూడోవాడికి కోడ్ అర్థం కాలేదు. చివరికి ఓనరే చొక్కా చేతులు పైకి మడిచి కూర్చుని, బటన్‌ను కనిపించకుండా చేసి పంపాడు. ఆడపడుచును పాత బిల్లుల ప్రోగ్రాంలో అక్షరదోషాలు దిద్దమన్నాడు. దిద్దింది, తలదించుకుని మాత్రం కాదు.

ఫ్యాక్టరీలో ఆ కొత్త రూపం ఒక్కరోజు నడిచింది. తప్పు కనబడుతుంటే ఏడు నిమిషాలు గుడ్లప్పగించి చూడాలి. అయ్యాక మొదటికి రావాలి. మర్నాడు వదిన కంప్యూటర్ జోలికి పోలేదు. అటక మీది కాగితపు అచ్చులు దింపి, సుద్ద తీసుకుని బల్ల దగ్గర నిలబడింది. ఆమెను చూసి కటింగ్ సెక్షన్‌లోని మిగతా నలుగురు ఆపరేటర్లూ లేచారు.

"ఏంటిది, సమ్మెనా?" అన్నాడు సూపర్‌వైజరు.

"సమ్మెయితే ఇంట్లో ఉంటాం కదండీ. పని చేస్తున్నాం. మాకు తెలిసిన పద్ధతిలో" అంది వదిన.

తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. గీసిన పేర్పులు శుభ్రంగా ఉన్నాయి. కాకపోతే రోజుకు అయిదు అయ్యేచోట రెండే అవుతున్నాయి. కోత మెషీన్ల దగ్గర మనుషులు ఎదురుచూస్తున్నారు. ఎనిమిదో రోజున మేనేజరు తనే కటింగ్ సెక్షన్‌కు దిగి వచ్చాడు.

"అసలు మీకేం కావాలి?"

"ఆ బటన్" అంది వదిన, సుద్ద పక్కన పెట్టకుండానే.

ఆ మధ్యాహ్నం ఓనరు ఆడపడుచు బల్ల దగ్గరికి వచ్చి, ఆమె మొహం చూడకుండా, "నీ బటన్ నువ్వే పెట్టుకో" అన్నాడు.

"నేను ఆ ప్రాజెక్టులో లేను కదా సార్."

"ఉన్నావులే."

"రాసివ్వండి."

ఆయన పళ్లు కొరుకుతూ రాసిచ్చాడు. ఆ ఏడాది ఆమెకు జీతం పెరగలేదు. మెమో సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. క్షమాపణా చెప్పలేదు. వదిన కూడా దాని కోసం ఎదురుచూడలేదు.

బటన్ తిరిగొచ్చిన వారానికి వదిన, "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, అంత ఎర్రగా పెట్టావేమే దాన్ని? నొక్కినప్పుడల్లా ఏదో నేరం చేస్తున్నట్టుంది" అంది.

"ఎర్రగా ఉంటేనే కనిపిస్తుంది వదినా."

"నాకు కళ్లున్నాయి. రంగు మార్చు."

"మార్చను."

"చూద్దాం ఎలా మార్చవో" అంది వదిన, కూరగాయల బుట్ట ఆమె ముందుకు తోస్తూ.

పై నెల వచ్చిన రూపంలో ఆ బటన్ నీలంగా ఉంది.